మీరు ఏ పేజీలో ఉన్నారో ఎవరెవరికి తెలుసు?

బస్సులో ఫోన్‌లో చదువుతూ ఆపిన పుస్తకం, రాత్రి ఇంట్లో కిండిల్ తీస్తే అదే వాక్యం దగ్గర తెరుచుకుంటుంది. ఇది ఎంత అలవాటైపోయిందంటే, అలా తెరుచుకోని రోజునే మనకు దాని సంగతి గుర్తొస్తుంది. నిజానికి ఆ ఫోనూ కిండిలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేదు. రెండూ ఒక కంపెనీ సర్వరుతో మాట్లాడాయి. ఫోన్ వెళ్లి ఇక్కడిదాకా అయిందని చెప్పింది, కిండిల్ వెళ్లి ఎక్కడిదాకా అయిందని అడిగింది. మధ్యలో ఉన్న సర్వరు ఆ మాట విని రాసి పెట్టుకుంది.

పరికరాలన్నీ ఒకే చోటు చూపించేలా చేసే ఈ సింక్ మంచిదా చెడ్డదా అని వాదించుకుంటే ఒరిగేదేమీ లేదు. అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మీరు చదువుతున్న పుస్తకం పేరు ఆ సర్వరుకు తెలుసా? ఏ యాప్ గురించైనా, ఏ పరికరం గురించైనా ఈ ఒక్కటి తేల్చుకుంటే మిగతా చిక్కుముళ్లు చాలావరకు విడిపోతాయి. అదెలాగో చూడాలంటే ముందు సింక్ అనే పని ఎలా జరుగుతుందో తెలియాలి.

అచ్చు పుస్తకంలో 112వ పేజీ అందరికీ 112వ పేజీయే. ఈ-బుక్‌లో అక్షరాల సైజు పెంచితే పేజీలు పెరుగుతాయి, తగ్గిస్తే తగ్గుతాయి. కాబట్టి పేజీ నంబరు పంపితే రెండో పరికరానికి అది అర్థం కాదు. పాఠంలోని చోటునే పట్టుకోవాలి. కిండిల్ దీనికి లొకేషన్ అనే అంకె వాడుతుంది. ఈ-బుక్కులకు ఎక్కువగా వాడే ఈపబ్ రకం ఫైలు లోపల చిన్న చిన్న ఫైళ్లు వరుసగా ఉంటాయి. ఎన్నో ఫైలు, అందులో ఎన్నో పేరా, ఆ పేరాలో ఎన్నో అక్షరం అని మెట్లు మెట్లుగా చెప్పే ప్రామాణిక పద్ధతి దానికుంది. కోరీడర్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ యాప్ కూడా దాదాపు ఇలాంటి చిరునామానే రాస్తుంది, పక్కనే ఎంత శాతం చదివారో కూడా వేస్తుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేయగా ఇప్పుడు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో దొరుకుతున్న పాత తెలుగు పుస్తకాలకు ఈ తంటా లేదు. అక్కడ ప్రతి పేజీ ఒక బొమ్మ కాబట్టి పేజీ నంబరు పంపితే చాలు. వాటిని ఫోన్‌లో చదివితే కళ్లు లాగేస్తాయి, అది వేరే సంగతి.

మొత్తానికి సర్వరుకు చేరాల్సినవి మూడే: ఏ పుస్తకం, ఎక్కడ, ఎప్పుడు. ఇంకా ఏ పరికరం నుంచి, ఏ ఖాతా అన్నవి కలిపినా అంతా ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేస్తుంది. ఇది గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

'ఎప్పుడు' అన్నది ఎందుకంటే, రెండు పరికరాలు రెండు వేర్వేరు చోట్లు చెబితే దేన్ని నమ్మాలో సర్వరుకు తెలియాలి. కిండిల్ మొదటి నుంచీ అన్నిటికన్నా ముందుకు చదివిన చోటును లెక్కలోకి తీసుకునే దారి పట్టింది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ పుస్తకం చివర ఉన్న పదకోశం చూద్దామని వెళ్లి అక్కడే మూసేశారనుకోండి, మీరు పుస్తకం పూర్తి చేసేసినట్టు లెక్క. ఒకే ఖాతా మీద భార్యాభర్తలిద్దరూ ఒకే నవల చదువుతుంటే ముందున్నవాళ్ల పేజీకి రెండోవాళ్లను లాగుతుంది. అలాంటప్పుడు విస్పర్‌సింక్ (కిండిల్ సింక్‌కు అమెజాన్ పెట్టిన పేరు) ఆపేసుకోమని అమెజానే చెబుతుంది. ఇంట్లో ఒకరు ఏ పుస్తకం ఎంతవరకు చదివారో ఇంకొకరికి తెలిసిపోవడం కూడా ప్రైవసీ సమస్యే. కంపెనీల గురించి భయపడే హడావిడిలో దీన్ని ఎవరూ పట్టించుకోరు. కోరీడర్ దారి వేరు: సర్వరులో కొత్త స్థానం కనబడితే అడగాలా, అడక్కుండానే వెళ్లిపోవాలా, అసలు కదలొద్దా అన్నది మీ సెట్టింగ్స్‌కే వదిలేస్తుంది.

పేరు తెలియకుండా పుస్తకాన్ని గుర్తు పట్టడం

పుస్తకం అమ్మింది అమెజానే కాబట్టి కిండిల్ సర్వరుకు దాని పేరు తెలియడంలో వింతేమీ లేదు. కోరీడర్ సర్వరు ఏ పుస్తకమూ అమ్మలేదు. మరి మీ ఫోన్‌లో ఉన్న ఫైలూ, మీ కోబో ఈ-రీడర్‌లో ఉన్న ఫైలూ ఒకటేనని దానికెలా తెలుస్తుంది?

ఫైలు వేలిముద్ర ద్వారా. కోరీడర్ ఫైలు మొత్తం చదవదు. మొదటి నుంచి పోను పోను దూరం పెంచుకుంటూ కొన్ని చోట్ల ఒక్కో కిలోబైటు చొప్పున ముక్కలు తీసి, వాటన్నిటినీ కలిపి ఎండీ5 అనే లెక్కలో వేస్తుంది. 32 అక్షరాల గజిబిజి వరస ఒకటి బయటికొస్తుంది. సర్వరుకు పోయేది అదే. పుస్తకం పేరు, రచయిత పేరు, ఫైలులోని పాఠం ఏవీ పోవు. రెండు పరికరాల్లోనూ అదే ఫైలు ఉంటే అదే వేలిముద్ర వస్తుంది, సింక్ జరిగిపోతుంది. ఈ-బుక్కులు సర్దుకునే కాలిబర్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి అట్ట బొమ్మ మార్చారో, రచయిత పేరులో తప్పు దిద్దారో, ఫైలు మారిపోతుంది, వేలిముద్ర మారొచ్చు, సింక్ తెగిపోతుంది. కోరీడర్ వాడేవాళ్లు "నిన్నటిదాకా బాగానే పనిచేసింది" అని తల పట్టుకునే సందర్భాల్లో కొన్ని ఇలాంటివే. అందుకే వేలిముద్ర బదులు ఫైలు పేరును బట్టి పోల్చుకునే వీలు కూడా యాప్‌లో పెట్టారు.

అయితే ఈ వేలిముద్ర ఎంతవరకు దాస్తుంది? పేరు కనిపించదు గనక ఎవరికీ తెలియదనుకుంటే పొరపాటు. వేలిముద్ర నుంచి పుస్తకాన్ని వెనక్కి లాగలేరు, కానీ పుస్తకం నుంచి వేలిముద్రను ఎవరైనా తీయగలరు. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉన్న ఒక పీడీఎఫ్‌ను వెయ్యిమంది దించుకుంటే వెయ్యిమందికీ ఒకటే వేలిముద్ర. ఆ పీడీఎఫ్‌ను నేనూ దించుకుని లెక్క వేసి, సర్వరు జాబితాలో ఉందో లేదో చూస్తే అది చదువుతున్న ఖాతాలు బయటపడతాయి. పదివేల ఫైళ్లకు ముందే లెక్క వేసి పెట్టుకుంటే ఇంకా సులువు. ఫైలు పేరుతో పోల్చే పద్ధతిలోనైతే పుస్తకం కూడా అక్కర్లేదు, ఫైలు పేరు ఊహించి లెక్క వేస్తే చాలు. కాబట్టి ఊరికే తొంగిచూసేవాళ్ల నుంచి ఇది కాపాడుతుంది, ఫలానా పుస్తకం ఎవరు చదువుతున్నారో పట్టుకుందామని పనిగట్టుకుని కూర్చున్నవాళ్ల నుంచి కాపాడదు. మీరే తయారు చేసుకున్న, ఇంకెవరి దగ్గరా లేని ఫైలు మాత్రం నిజంగానే గుట్టుగా ఉంటుంది.

పుస్తకాల పేర్లు తెలిసిపోయి, చదివినవాళ్ల పేర్లు మాత్రం తీసేస్తే? ఆ ప్రశ్నకు జవాబు 2008లోనే వచ్చింది. నెట్‌ఫ్లిక్స్ తన ప్రేక్షకుల పేర్లు తీసేసి వాళ్లిచ్చిన రేటింగులను పరిశోధకుల కోసం బయట పెట్టింది. అరవింద్ నారాయణన్, విటాలీ ష్మాటికోవ్ అనే ఇద్దరు పరిశోధకులు లెక్క కట్టి చెప్పింది ఇది: ఒకరు చూసిన 8 సినిమాల రేటింగులు తెలిస్తే, అందులో రెండు పూర్తిగా తప్పైనా, తేదీలు రెండు వారాలు అటూ ఇటూ అయినా, 99 శాతం రికార్డులు ఎవరికి వారుగా విడిపోతాయి. సినిమాలకే ఇలా ఉంటే, మనిషి మనిషికీ ఇంకా తేడాగా ఉండే పుస్తకాల జాబితా సంగతి చెప్పక్కర్లేదు. "మీ డేటాను అనామకంగా ఉంచుతాం" అని ఏ ప్రైవసీ పాలసీలో చదివినా నాకు ఈ 8 సినిమాలే గుర్తొస్తాయి.

కోరీడర్ గురించే ఇంకొక మాట. ఆ సర్వరుకు పాస్‌వర్డు కూడా ఎండీ5 రూపంలోనే వెళ్తుంది. ఎండీ5 పాతబడిపోయిన పద్ధతి, పాస్‌వర్డులకు దాన్ని నమ్మకూడదు. కాబట్టి మీ జీమెయిల్ పాస్‌వర్డునే అక్కడ కూడా పెట్టకండి.

మూడు ముక్కల వెంట వచ్చేవి

సింక్‌కు కావలసింది ఒక ఎస్సెమ్మెస్ అంత సమాచారమని పైన చెప్పుకున్నాం. నిజంగా సర్వర్లలో చేరేది ఎంత? 2020 జనవరిలో కాలిఫోర్నియా కొత్త ప్రైవసీ చట్టం అమల్లోకి రాగానే గార్డియన్ పత్రిక విలేకరి ఒకరు తన వివరాలు ఇవ్వమని అమెజాన్‌ను అడిగారు. వచ్చిన ఫైళ్లలో రెండు ఎక్సెల్ షీట్లు ఉన్నాయి. ఒక్కోదాంట్లో 20,000కు పైగా వరసలు. ఫోన్‌లోని కిండిల్ యాప్‌లో ఏ పుస్తకంలో, ఏ తేదీన, ఏ నిమిషాన ఏం చేశారన్నది అంతా వరసలు వరసలుగా ఉంది. ఎక్కడ ఆగారో గుర్తు పెట్టుకోవడానికి ఇన్ని వరసలు అవసరం లేదు. ఒక్కో పుస్తకానికి చిట్టచివరి వరస ఒక్కటి ఉంటే సరిపోతుంది. వెనకటివన్నీ చెరిపేసినా సింక్ చక్కగా పనిచేస్తుంది.

మరి ఎందుకు దాస్తారంటే, అందులో డబ్బుంది. 2015 జులై నుంచి, చందా కట్టి చదువుకునే కిండిల్ అన్‌లిమిటెడ్‌లో పెట్టిన పుస్తకాలకు రచయితలకు ఇచ్చే సొమ్ము, పాఠకులు చదివిన పేజీల లెక్కన వస్తోంది. అంటే మీ పఠన స్థానం మీటరు రీడింగులాంటిది. మీటరు ఉన్నచోట దాన్ని తిప్పేవాళ్లూ పుడతారు. అమెజాన్ అప్పట్లో చూసింది పాఠకుడు ఎంత ముందుకు వెళ్లాడన్నదే గానీ మధ్యలో అన్నీ చదివాడా అని కాదు. కొందరు పుస్తకం మొదట్లోనే ఒక లింకు పెట్టి, నొక్కితే వేల పేజీల అవతల చివరికి తీసుకెళ్లేలా చేశారు. పాఠకుడు ఒక్క నొక్కు నొక్కితే వేల పేజీలు చదివినట్టు లెక్క. చివరికి 2016లో ఒక పుస్తకానికి ఒక పాఠకుడి మీద 3,000 పేజీలకు మించి లెక్కించేది లేదని అమెజాన్ పరిమితి పెట్టింది. ఇలాంటి మోసాలను పట్టుకోవాలంటే ఇంకా సూక్ష్మంగా గమనించాలి. అలా ఒక నిఘాకు ఇంకో నిఘా తోడవుతుంది, దానికి చెప్పే కారణం కూడా సబబుగానే ఉంటుంది. చందా కట్టి చదివేచోట పేజీల లెక్క వద్దంటే కుదరదు, ఆ బేరమే అది. సొంతంగా కొనుక్కున్న పుస్తకానికి మాత్రం ఈ సాకు వర్తించదు.

2014 అక్టోబరులో అడోబీ కథ ఇంకా మొరటుగా బయటపడింది. అడోబీ డిజిటల్ ఎడిషన్స్ 4 అనే సాఫ్ట్‌వేర్ ఏ పుస్తకం తెరిచారో, ఏ పేజీలు తిప్పారో అడోబీ సర్వరుకు పంపుతోందని, అదీ ఎన్‌క్రిప్షన్ లేకుండా మామూలు అక్షరాల్లో పంపుతోందని తేలింది. కాఫీ షాపు వైఫైలో పక్క టేబుల్ మీదివాళ్లు కూడా చదవగలరన్నమాట. లైసెన్సు సరిచూడడానికే ఆ వివరాలని అడోబీ చెప్పింది, కొద్ది వారాల్లో ఎన్‌క్రిప్షన్ చేర్చిన కొత్త వెర్షన్ వదిలింది. గమనించాల్సింది ఏమిటంటే, దారిలో ఎవరూ చూడకుండా గొట్టానికి మూత పెట్టారు, అంతే. గొట్టం చివర అడోబీ మాత్రం చూస్తూనే ఉండొచ్చు. ఇది ఎక్కడో అమెరికా గ్రంథాలయాల గొడవ అనుకోకండి. కినిగెలో కొన్న తెలుగు ఈ-బుక్కులు కంప్యూటర్లో చదవడానికి ఆ రోజుల్లో మనవాళ్లు వేసుకున్నది కూడా ఈ అడోబీ సాఫ్ట్‌వేరే.

ఈ గొట్టం రెండు వైపులా పారుతుంది. 2009 జులైలో, అమ్మే హక్కు లేనివాళ్లు తమ దుకాణంలో పెట్టారని అమెజాన్ ఆర్వెల్ నవలలు రెండింటిని, అప్పటికే కొనుక్కున్నవాళ్ల కిండిళ్ల లోంచి కూడా తీసేసింది. డబ్బు వెనక్కి ఇచ్చింది, తర్వాత జెఫ్ బెజోస్ క్షమాపణ కూడా చెప్పాడు. ఇందులో నాకు ఆసక్తిగా అనిపించేది ఒక విద్యార్థి దావా. క్లాసు కోసం అతను రాసుకున్న నోట్సు పోలేదు, కిండిల్‌లోనే ఉంది. కానీ అది ఏ వాక్యం గురించి రాసిందో ఆ వాక్యమే లేకుండా పోయింది. చోటుకు విలువ పుస్తకం పక్కన ఉన్నంతవరకే. ప్రైవసీలో కూడా సరిగ్గా ఇదే లెక్క: 43 శాతం దగ్గర ఆగారన్న సంగతి ఎవరికి తెలిసినా ఫరవాలేదు, దేంట్లో 43 శాతమో తెలిస్తేనే సమస్య.

తెలిస్తే ఏమవుతుంది?

"నేను చదివేది నవలలు, ఎవరు చూస్తే నాకేం" అనేవాళ్లతో నాకు పేచీ లేదు. చాలామందికి చాలా పుస్తకాల విషయంలో అది నిజమే. కానీ విడాకుల చట్టం, కడుపు రాకపోవడానికి వైద్యం, కుంగుబాటు, మతం మారడం, ఆఫీసులో యూనియన్ పెట్టడం గురించి చదివేవాళ్లు కూడా అదే కిండిల్‌లో చదువుతారు. అమెరికాలో దీని మీద పాత కేసులే ఉన్నాయి. డెన్వర్‌లో టాటర్డ్ కవర్ అనే పుస్తకాల షాపు నుంచి పోలీసులు ఒక ఖాతాదారు కొన్న పుస్తకం వివరం అడిగారు. మత్తుమందు తయారు చేసిన చోట ఆ షాపు కవరు దొరికింది, తయారీ పుస్తకం ఇక్కడే కొన్నాడని రుజువు చేయాలని వాళ్ల ఆలోచన. 2002లో కొలరాడో సుప్రీంకోర్టు ఇవ్వక్కర్లేదంది. తీరా ఆ కవరులో వెళ్లిన పుస్తకం జపనీస్ లిపి నేర్చుకునేదని తర్వాత తెలిసింది. 2011లో కాలిఫోర్నియా ఈ-బుక్కులను కూడా కలుపుతూ, కోర్టు ఉత్తర్వు లేకుండా పాఠకుల వివరాలు ప్రభుత్వానికి ఇవ్వకూడదని చట్టం చేసింది.

మన దగ్గర పాఠకుల కోసమంటూ అలాంటి ప్రత్యేక చట్టం లేదు. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఒక్కమాటగా చెప్పారు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి, కంపెనీల మీద పడే ముఖ్యమైన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు అమల్లోకి వస్తాయి. నా గురించి ఏం దాచారో చెప్పమని, చెరిపేయమని అడిగే హక్కు ఆ చట్టంలో ఉంది. ప్రభుత్వ సంస్థలకు మినహాయింపులిచ్చే 17వ సెక్షన్ కూడా అందులోనే ఉంది.

చదువుకునే పుస్తకాల మీద ప్రశ్నలు వేయడం ఇక్కడ ఊహాగానమేమీ కాదు. 2018 ఆగస్టు 28న భీమా కోరెగావ్ కేసులో పుణె పోలీసులు హైదరాబాద్‌లో ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఆచార్యుడొకరి ఇంట్లో సోదా చేసినప్పుడు, ఇన్ని పుస్తకాలు ఎందుకు, మార్క్స్ ఎందుకు, మావో ఎందుకు అని తనను అడిగారని ఆయన ఆ రోజే విలేకరులకు చెప్పారు. ఆయన ఆ కేసులో నిందితుడు కూడా కాదు. ఇంట్లో బీరువా వెతకాలంటే పోలీసులు తలుపు కొట్టాలి, కొడితే మీకు తెలుస్తుంది. సర్వరులోని బీరువా తెరిస్తే ఆ సంగతి మీదాకా రావాలని లేదు.

ఇక చేయగలిగింది

సర్వరుకు పేరు తెలియకుండా సింక్ చేయడం సాంకేతికంగా కుదరదని ఎవరైనా అంటే నమ్మకండి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తన సింక్‌లో మీరు చూసిన వెబ్‌సైట్ల జాబితాను మీ పరికరంలోనే తాళం వేసి పంపుతుంది, తాళంచెవి మొజిల్లా దగ్గర ఉండదు. పుస్తకాలకు కూడా ఇది చేయొచ్చు. పాస్‌వర్డు మర్చిపోతే పాత వివరాలు తిరిగి రాకపోవచ్చన్నది ఒక ఇబ్బంది. మీరు చదివినదాన్నిబట్టి సిఫారసులు, అమ్మకాలు చేయలేకపోవడం కంపెనీకి ఇంకో ఇబ్బంది. రెండోదే పెద్దదని నా అనుమానం.

కిండిల్ వాడేవాళ్లు రెండు సంగతులు విడదీసి చూడాలి. విస్పర్‌సింక్ ఆపేస్తే మీ పరికరాలు ఒకదాని చోటు ఇంకొకదానికి చెప్పుకోవడం ఆగుతుంది. వాడకం వివరాలు అమెజాన్‌కు పోవడం ఆగుతుందని దాని అర్థం కాదు. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో చదివినా వైఫై వేయగానే పేరుకున్నది వెళ్లిపోవచ్చు. సెండ్ టు కిండిల్‌తో పంపిన సొంత ఫైళ్లు సింక్ అవుతాయి, ఎందుకంటే అవి అమెజాన్ క్లౌడ్‌లో కూర్చుంటాయి. యూఎస్‌బీ తీగతో ఎక్కించినవి ఇంకో పరికరంతో సింక్ కావు, ఆ మేరకు కాస్త గుట్టు. అమెజాన్‌లో కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకుని తీగతో ఎక్కించే వీలును మాత్రం 2025 ఫిబ్రవరి 26న తీసేశారు.

ఆండ్రాయిడ్‌లో మూన్ ప్లస్ రీడర్ వాడేవాళ్లకు డ్రాప్‌బాక్స్, గూగుల్ డ్రైవ్, వెబ్‌డావ్ (ఏ సర్వరులోనైనా ఫైళ్లు పెట్టుకునే పద్ధతి)ల ద్వారా సింక్ ఉంది. ఒక్కో పుస్తకానికి ఒక బుల్లి ఫైలు పుడుతుంది. లోపల ఉండేది ఒక వరసే, కానీ ఆ బుల్లి ఫైలు పేరులోనే పుస్తకం ఫైలు పేరు ఉంటుంది. అంటే మన ప్రశ్నకు ఇక్కడ జవాబు అవును. దాచాలనుకుంటే పుస్తకం ఫైలు పేరే మార్చి పెట్టుకోవాలి, లేదా వెబ్‌డావ్ సర్వరు మీదే అయి ఉండాలి.

సొంత సర్వరు అనగానే టెన్షన్ పడక్కర్లేదు. కోరీడర్ సింక్ సర్వరు కూడా ఓపెన్ సోర్సే, ఇంట్లో మూలన పడున్న పాత కంప్యూటర్ మీద నడుస్తుంది. కొమ్గా, కవిటా లాంటి పుస్తకాల సర్వర్లు కూడా కోరీడర్ సింక్‌ను అర్థం చేసుకుంటాయి. కాకపోతే ఇల్లు దాటి బయట నుంచి వాడాలంటే ఆ సర్వరును ఇంటర్నెట్‌కు తెరవాలి. దాన్ని ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయకుండా వదిలేస్తే కంపెనీ సర్వరు కన్నా అదే ప్రమాదం. ఆ ఓపిక లేకపోతే సింక్‌థింగ్ ఉంది. అది పరికరం నుంచి పరికరానికి నేరుగా ఫైళ్లు పంపుతుంది, మధ్యలో మీ రాతలు దాచే సర్వరు ఉండదు. కోరీడర్ ప్రతి పుస్తకం పక్కన చేసుకునే చిన్న ఫోల్డర్‌ను దీనితో పంచుకుంటే గీతలు, నోట్సు కూడా వస్తాయి. రెండు పరికరాల్లో ఒకేసారి తెరిచి పెట్టకూడదన్నది ఒక్కటే నియమం.

నేనైతే అన్ని పుస్తకాలకూ ఒకే పద్ధతి పెట్టుకోమనను. డిటెక్టివ్ నవల విస్పర్‌సింక్‌లో ఉంటే ఏం పోదు, హాయిగా ఉంచుకోండి. పైన చెప్పిన విడాకులు, వైద్యం లాంటి పుస్తకాలు మాత్రం వేరే యాప్‌లో, ఒకే పరికరంలో, సింక్ లేకుండా చదువుకోండి. ఎక్కడ ఆగారో మీరే గుర్తు పెట్టుకోవాల్సి వస్తుంది, అంతే కదా.

ఏదీ తేల్చుకోలేకపోతే ముందు మీ సొంత వివరాలు తెప్పించుకుని చూడండి. అమెజాన్ ఖాతాలో మీ డేటా అడిగే పేజీ ఉంది, అందులో కిండిల్ అన్నది ఎంచుకుంటే కొన్ని రోజులకు జిప్ ఫైళ్లు వస్తాయి. లోపలి షీట్లను ఎక్సెల్‌లో తెరిచి తేదీల వారీగా పేర్చండి. ఏ వరసలు ఇంకొకరు చూస్తే మీకు ఇబ్బందో వాటికి రంగు వేయండి. వేరే యాప్‌లోకి మార్చుకోవాల్సిన పుస్తకాలు అవే.